సాంబ్రాణి పొగలో ప్రభువు బల్ల



మన సంఘపు యవనస్థుడొకడు పై చదువు కోసం లండన్ వెళ్ళాడు. పేరు రాయను, మీలో చాలామందికి తెలుసు. వెళ్ళిన మూడో ఆదివారం సాయంత్రం ఫోను చేశాడు. గొంతులో కంగారు తెలుస్తూనే ఉంది. "అయ్యగారూ, బోర్డు మీద చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ అని ఉంది. మనలాంటి ప్రొటెస్టెంట్ చర్చే కదా అని లోపలికి వెళ్ళాను. లోపలంతా సాంబ్రాణి పొగ. గంటలు మోగించారు. అక్కడి పాస్టరు గారు జరీ అంగీ వేసుకుని మాకు వీపు పెట్టి నిలబడి ప్రార్థన చేశారు. ఒక మూల మరియమ్మ బొమ్మ, దాని ముందు కొవ్వొత్తులు. పొరపాటున ఆర్‌సీఎం గుడికి వెళ్ళానా? తప్పు చేశానాండీ?"

"బల్లలో చెయ్యి వేశావా?" అని అడిగాను.

"లేదండీ. భయమేసి వెనక బెంచీలోనే కూర్చున్నాను."

తప్పేమీ చేయలేదు నాయనా అని ధైర్యం చెప్పి ఫోను పెట్టేశాను గానీ, అంతకంటే చెప్పడానికి నా దగ్గర సరుకు లేదు. నేను సెమినరీలో డిప్లొమా చదివిన రోజుల్లో ఆక్స్‌ఫర్డ్ ఉద్యమం అంటే సంఘ చరిత్ర పేపరులో చిన్న ప్రశ్న. నాలుగు వాక్యాలు బట్టీ పట్టి రాసి మరిచిపోయాం. ఈసారి కూర్చుని సరిగ్గా చదివాను. మన సంఘంలో ఇంకొన్ని కుటుంబాల పిల్లలు ఆ దేశంలో ఉన్నారు కాబట్టి వాళ్ళకూ పనికొస్తుందని రాస్తున్నాను. రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది, అది తర్వాత చెబుతాను.

ముందు ఆ అబ్బాయి అడిగిన ప్రశ్న. అది రోమన్ కాథలిక్ గుడి కాదు. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ చర్చే. ఎనిమిదో హెన్రీ రాజు కాలంలో 1534లో ఇంగ్లండు సంఘం పోపు అధికారం నుంచి విడిపోయింది. ఆ తర్వాత వచ్చిన ప్రార్థన పుస్తకం 1662లో స్థిరపడింది. అప్పటి నుంచి ఆ సంఘంలో రెండు గాలులు వీస్తూనే ఉన్నాయి. మేము సంస్కరణ సంఘం అనేవాళ్ళు కొందరు. విడిపోయింది పోపు నుంచే గానీ, అపొస్తలుల కాలం నుంచి వస్తున్న సార్వత్రిక సంఘం నుంచి కాదు అనేవాళ్ళు కొందరు. ఈ రెండో మాటను 1833 జులై 14న ఆక్స్‌ఫర్డులో జాన్ కీబుల్ అనే గురువు ఒక ప్రసంగంలో గట్టిగా ఎత్తుకున్నాడు. అదే ఏడు కరపత్రాలు మొదలయ్యాయి. 1841 వరకు 90 వచ్చాయి. వాటిలో ముఖ్యుడైన జాన్ హెన్రీ న్యూమన్ 1845లో రోమ్ సంఘంలోకే వెళ్ళిపోయాడు. దానితో తక్కినవాళ్ళందరి మీదా అనుమానం పడింది. ఎడ్వర్డ్ ప్యూసీ, కీబుల్ మాత్రం ఉన్నచోటే ఉండిపోయారు.

ఈ మొదటి తరం వాళ్ళు పుస్తకాల మనుషులు. సాంబ్రాణి, జరీ అంగీలు వాళ్ళ పెద్ద గొడవ కాదు. అవి రెండో తరంలో వచ్చాయి. వచ్చింది ఎక్కువగా ఎక్కడనుకున్నారు? లండన్ ఓడరేవు పక్క మురికివాడల్లో. ఈ సంగతి నాకు సెమినరీలో ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు మనం ఆ గుడిలోకి అడుగు పెడదాం. మీ పిల్లలు వెళ్తే ఏమి చూస్తారో వరసగా చెబుతాను.

మొదటి మాట, చెప్పులు విప్పకూడదు. మన అబ్బాయి గుమ్మం దగ్గర బూట్లు విప్పబోతే ఒక పెద్దాయన నవ్వి వద్దని సైగ చేశాడట. లోపలికి వెళ్ళగానే గోడ దగ్గర చిన్న నీళ్ళ తొట్టి ఉంటుంది. వేళ్ళు ముంచి సిలువ గుర్తు వేసుకుంటారు, తమ బాప్తిస్మాన్ని జ్ఞాపకం చేసుకోవడానికి. మనం చేయనక్కరలేదు. బెంచీలోకి వెళ్ళే ముందు కొందరు బలిపీఠం వైపు తల వంచుతారు, కొందరు మోకాలు నేలకు ఆనిస్తారు. మోకాలు ఆనించారంటే అక్కడ దీపం వెలిగే చిన్న పెట్టెలో సంస్కారపు రొట్టె భద్రపరిచి ఉందని. రోగుల ఇళ్ళకు తీసుకువెళ్ళడానికి దాచి ఉంచుతారు. దాని ఎదుట మోకరించడం సరైనదేనా అన్నది వేరే సంగతి, ముందు ఎందుకు దాచారో తెలియాలి కదా.

చేతికి ఒక చిన్న పుస్తకం ఇస్తారు. పాట, ప్రార్థన, ఎప్పుడు లేవాలి, ఎప్పుడు కూర్చోవాలి అన్నీ దానిలోనే ఉంటాయి. తప్పిపోతే పక్కవాళ్ళను చూసి చేస్తే సరి. ఎవరూ వెనక్కి తిరిగి చూడరు.

గంట కొట్టగానే ఊరేగింపు బయలుదేరుతుంది. ముందు గొలుసులతో వేలాడే ధూపపాత్ర ఊపుతూ ఒకడు, వెనక సిలువ పట్టుకున్నవాడు, రెండు కొవ్వొత్తులు, గాయక బృందం, చివరన ముగ్గురు సేవకులు. ఆ ముగ్గురి పై అంగీలు ఒకే రంగులో ఉంటాయి. ఆగమన కాలంలోనూ శ్రమల దినాల్లోనూ ఊదా, పండుగల్లో తెలుపు లేదా బంగారు రంగు, పెంతెకొస్తుకూ హతసాక్షుల దినాలకూ ఎరుపు, మిగతా ఆదివారాల్లో పచ్చ.

ఆ అంగీ దగ్గర కాసేపు ఆగాలి. పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండులో ఆరు విషయాల మీద యుద్ధం జరిగింది. ఒకటి ఈ అంగీ. తక్కినవి బలిపీఠం మీద కొవ్వొత్తులు, ధూపం, తూర్పు ముఖంగా నిలబడడం, ద్రాక్షారసంలో నీళ్ళు కలపడం, పులియని పల్చని రొట్టె. మన అబ్బాయిని భయపెట్టినవాటిలో ముఖ్యమైనవన్నీ ఈ ఆరింటిలోనే ఉన్నాయి చూడండి. ప్రార్థన పుస్తకంలోనే ఆరో ఎడ్వర్డు రాజు రెండో ఏట వాడిన వస్త్రాలూ వస్తువులూ వాడవలెనని ఒక నియమం ఉంది, మేము దానినే పాటిస్తున్నాం అని వీళ్ళ వాదన. అది చచ్చిపోయిన నియమం, మీరు దొంగదారిన రోమ్‌ను తెస్తున్నారు అని అవతలివాళ్ళ వాదన.

వాదన వాదనగా ఉంటే బాగుండేది. లండన్ తూర్పు వైపు సెయింట్ జార్జ్ ఇన్ ది ఈస్ట్ అనే చర్చిలో 1859, 1860లలో ఆదివారం వచ్చిందంటే అల్లరి. ఆరాధన జరుగుతుండగా ఈలలు, కేకలు, బెంచీల తలుపులు దబదబా కొట్టడం, మోకాళ్ళ దిండ్లు విసరడం, కుక్కలను లోపలికి తోలడం. కొంతకాలం చర్చికి తాళం వేయవలసి వచ్చింది. ఈ పని చేసినవాళ్ళు నాస్తికులు కారు. ప్రొటెస్టెంట్ విశ్వాసాన్ని కాపాడుతున్నాం అనే పేరు మీద చేశారు. కూలికి అల్లరి చేసినవాళ్ళూ ఉండి ఉండవచ్చు, అయినా జెండా మాత్రం మనదే.

అదే పేటలో చార్లెస్ లౌడర్ అనే గురువు రేవు కూలీల మధ్య 1856 నుంచి పని చేస్తున్నాడు. దొంగలు, తాగుబోతులు, ఓడల దగ్గర ఒళ్ళు అమ్ముకుని బతికే స్త్రీలు, వాళ్ళ పిల్లలు. చాలా చర్చిల్లో ముందు బెంచీలకు అద్దె కట్టిన పెద్దమనుషులే కూర్చునే రోజులవి. ఇతని దగ్గర అన్ని బెంచీలూ ఉచితం. లండన్ డాక్స్‌లో సెయింట్ పీటర్స్ అనే గుడి కట్టించి 1866 జూన్ చివర ప్రతిష్ఠ చేశారు. కొద్ది రోజులకే కలరా వచ్చింది. ఆ వేసవిలో తూర్పు లండన్‌లో ఐదు వేల మందికి పైగా చనిపోయారు. లౌడర్, అతని తోటివాళ్ళు, సిస్టర్లు ఇంటింటికీ తిరిగి రోగులను చూసుకున్నారు. ఆ తర్వాత ఆ వీధుల్లో ఆయన మీద రాయి వేసేవాడు లేడు. అక్కడి జనమే ఆయనను ఫాదర్ అని పిలవడం మొదలుపెట్టారు. 1880లో ఆయన చనిపోతే వీధులు పట్టనంత మంది రేవు జనం పెట్టె వెంట నడిచారు.

అందుకని ఆ జరీ అంగీని చూసి, పేదవాడి సొమ్ముతో ఆడంబరం అని తేలిగ్గా అనకండి. ఇంటి గోడ మసి, వీధి మసి, రేవులో పొగ, ఒంటి నిండా బొగ్గు. వారానికి ఒకసారి ఆ మనిషి కంటికి కనబడే ఒకే ఒక్క అందమైన వస్తువు ఆ బలిపీఠం. మన ఊళ్ళో మందిరానికి రంగులు వేసినప్పుడు, కూలి పనికి వెళ్ళే అమ్మలే కదా ముందుగా చందా ఇచ్చింది. ఇల్లు కారుతున్నా ఇచ్చారు.

సరే, ఆరాధనలోకి వద్దాం. పాట అయ్యాక కనికరించుమని మూడు మాటల ప్రార్థన ఉంటుంది. అది గ్రీకులో పాడతారు, అర్థం కాలేదని కంగారు పడవద్దు. గాయక బృందం తక్కిన భాగాలు లాటిన్‌లో పాడవచ్చు. తర్వాత లేఖన పఠనాలు. సువార్త చదివేటప్పుడు అందరూ లేచి నిలబడతారు. కొవ్వొత్తులు, ధూపం ముందు నడవగా సువార్త పుస్తకాన్ని జనం మధ్యకు తెస్తారు, పుస్తకానికి ధూపం వేసి చదువుతారు. ఈ ఒక్క పని నాకు ఎంతో నచ్చింది. మన దగ్గర పాస్టరు గారు వాక్యం చదువుతుంటే సెల్‌ఫోనులో వాట్సాప్ చూసుకునేవాళ్ళు ఎంతమందో నాకు స్టేజీ మీద నుంచి కనబడుతూనే ఉంటుంది.

ప్రసంగం పది పదిహేను నిమిషాలు. అవును, అంతే. మొత్తం ఆరాధన గంటన్నరలో అయిపోతుంది. ఈ మాట చదివి ఎవరూ నా వంక అదోలా చూడవద్దు. తక్కువ సేపు కాబట్టి వాక్యం లేదనుకోకండి. లండన్ హోబర్న్‌లో సెయింట్ ఆల్బన్స్ అనే గుడి 1863లో ప్రతిష్ఠ అయింది. అక్కడ ఆర్థర్ స్టాంటన్ అనే గురువు 1862 నుంచి 1913లో చనిపోయేదాకా, అంటే సుమారు 50 ఏళ్ళు, అసిస్టెంటుగానే ఉండిపోయాడు. పెద్ద పదవి రాలేదు. ఒంటి మీద జరీ అంగీ, చుట్టూ సాంబ్రాణి, నోట్లో మాత్రం యేసు రక్తం, పాపక్షమాపణ, రక్షణ. మన ఉజ్జీవ సభల్లో బోధకుడిలా ప్రసంగించేవాడు. ఆ మనిషిని ఏ గూట్లో పెట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు.

విశ్వాస ప్రమాణం చెప్పేటప్పుడు, ప్రభువు మనుష్యుడైన మాట దగ్గర అందరూ వంగుతారు లేదా మోకరిస్తారు. యేసు నామం వచ్చినప్పుడల్లా తల వంచేవాళ్ళు కూడా ఉంటారు, ఫిలిప్పీయులకు 2:10 ఆధారంగా. విజ్ఞాపన ప్రార్థనలో చనిపోయినవాళ్ళ పేర్లు చదువుతారు. ఇక్కడ మనకూ వాళ్ళకూ తేడా ఉంది. నిద్రించినవారిని బట్టి దేవునికి స్తోత్రం చెల్లిస్తాం గానీ, వాళ్ళ కోసం ప్రార్థన చేయం. నా నమ్మకం అదే. మరియమ్మను మన కోసం ప్రార్థించమని అడగడం కూడా నాకు లేఖనంలో కనబడదు. ఆమెను స్త్రీలలో ధన్యురాలని ఒప్పుకుంటాం, అక్కడ ఆగుతాం. ఆరాధన చివర ఆమె పేరుతో ప్రార్థన మొదలైతే మన పిల్లలు మౌనంగా నిలబడవచ్చు. ఎవరూ బలవంతం చేయరు.

తర్వాత కానుక. పళ్ళెం వస్తుంది. ఇప్పుడు చాలా చోట్ల గుమ్మం దగ్గర కార్డు మిషన్ కూడా ఉంటుందట. అప్పుడు రొట్టె, ద్రాక్షారసం బలిపీఠం మీదికి వెళ్తాయి. గిన్నెలో ద్రాక్షారసం పోసి కొన్ని చుక్కల నీళ్ళు కలుపుతారు. ప్రభువు ప్రక్కలో నుంచి రక్తమూ నీళ్ళూ కారాయని యోహాను 19:34లో ఉంది కదా, దానికి గురుతుగా. అప్పుడు బలిపీఠానికి ధూపం వేస్తారు, గురువుకు వేస్తారు, చివరికి ధూపం వేసేవాడు జనం వైపు తిరుగుతాడు. అందరూ లేచి తల వంచుతారు. అతడూ తల వంచి మనందరి మీదా ధూపం ఊపుతాడు. ఆస్తమా ఉన్నవాళ్ళు ముందే పక్క బెంచీ చూసుకోవాలి.

మనవాళ్ళకు సాంబ్రాణి వాసన అంటే ఎందుకు అంత బెదురో నాకు తెలుసు. మన తాతలు విడిచిపెట్టి వచ్చిన వాసన అది. రక్షణ పొందిన ఇంట్లో అగరబత్తి కనబడితే పెద్దవాళ్ళు కోప్పడేవారు. వాళ్ళది తప్పు అనను, వాళ్ళకు అది ఒక సరిహద్దు రాయి. కానీ ఇంగ్లండులో రేవు కూలీకి ఆ వాసన వెనక విగ్రహం ఏదీ లేదు. వాళ్ళకు జ్ఞాపకం వచ్చింది నిర్గమకాండం 30లోని ధూపవేదిక, కీర్తన 141:2, మలాకీ 1:11, ప్రకటన 8లో పరిశుద్ధుల ప్రార్థనలతో కలిసి పైకి లేచిన ధూపం. వాసన ఒకటే అయినా ఇద్దరి జ్ఞాపకాలు వేరు.

ఇప్పుడు గురువు వీపు సంగతి. ఆయన మనకు వీపు పెట్టలేదు, మనతో పాటు ఒకే వైపు తిరిగాడు. తూర్పు నుంచి మెరుపు వచ్చినట్టు మనుష్యకుమారుడు వస్తాడని మత్తయి 24:27లో ఉంది. కాపరీ మందా కలిసి అటు చూస్తున్నారన్నమాట. ఇప్పుడు కొన్ని చర్చిల్లో జనం వైపు తిరిగే చేస్తారు. ప్రభువు మాటలు చెప్పి రొట్టెను పైకెత్తినప్పుడు గంట మోగుతుంది, అందరూ మోకాళ్ళ మీద ఉంటారు.

ఈ పనులకే మనుషులు జైలుకు వెళ్ళారు. 1865లో చర్చ్ అసోసియేషన్ అనే సంఘం పుట్టింది. దాని ముఖ్యమైన పని ఇలాంటి గురువుల మీద కేసులు నడపడం. అవి చాలవని 1874లో పార్లమెంటు ఆరాధన క్రమబద్ధీకరణ చట్టం చేసింది. చట్టం తెచ్చింది కాంటర్‌బరీ ఆర్చిబిషప్ టెయిట్, వెనక నిలబడింది ప్రధానమంత్రి డిజ్రేలీ. విచారణకు ఒక జడ్జిని పెట్టారు. గురువులు ఏమన్నారంటే, సంఘ ఆరాధన గురించి తీర్పు చెప్పే అధికారం పార్లమెంటు పెట్టిన కోర్టుకు లేదు, మేము రాము. రాకపోతే కోర్టు ధిక్కారం. ధిక్కారానికి జైలు.

1877 జనవరిలో ఆర్థర్ టూత్ వెళ్ళాడు. 1880లో పెల్హామ్ డేల్, అదే ఏడు బర్మింగ్‌హామ్ నుంచి రిచర్డ్ ఎన్‌రాట్. 1881లో మాంచెస్టర్ దగ్గర మైల్స్ ప్లాటింగ్ అనే పేదల పేట గురువు సిడ్నీ గ్రీన్ లంకాస్టర్ కోటలో బందీ అయ్యాడు. ఆయన 20 నెలలు లోపలే ఉన్నాడు. చివరివాడు లివర్‌పూల్ గురువు జేమ్స్ బెల్ కాక్స్, 1887లో. మొత్తం ఐదుగురు. దొంగతనం లేదు, వ్యభిచారం లేదు, డబ్బు తినలేదు. కొవ్వొత్తి, అంగీ, ధూపం, రొట్టె.

ఎన్‌రాట్ కేసులో జరిగిన ఒక సంగతి చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు బయటికి వెళ్ళి నిలబడ్డాను. పులియని పల్చని రొట్టె వాడుతున్నాడని రుజువు చేయాలి కదా. ఒకడు సంస్కారంలో చెయ్యి చాపి రొట్టె తీసుకున్నాడు. తినలేదు, దాచి పట్టుకుపోయాడు. దానిని కోర్టులో సాక్ష్యపు వస్తువుగా దాఖలు చేశారు. ప్రభువు బల్ల దగ్గర ఇచ్చిన రొట్టె కోర్టు కాగితాల మధ్య! చివరికి ఆర్చిబిషప్ టెయిట్ దానిని విడిపించి, తన ప్రార్థనా మందిరంలో భక్తితో భుజించాడు. చట్టం తెచ్చినవాడే. రొట్టెలో ప్రభువు ఎలా ఉన్నాడన్న విషయంలో నేను టెయిట్ పక్షం, ఎన్‌రాట్ పక్షం కాదు. కానీ ఆ చెయ్యి చాపినవాడి పక్షం మాత్రం కాలేను.

జైళ్ళతో ఆ చట్టానికే చెడ్డపేరు వచ్చింది. తర్వాత లింకన్ బిషప్ ఎడ్వర్డ్ కింగ్ మీద కేసు పెట్టారు. ఉరిశిక్ష పడిన ఖైదీ దగ్గరికి తానే వెళ్ళి, అతనితో ప్రార్థించి సిద్ధపరచినవాడు ఆయన. అలాంటి ముసలాయనను బోనులో నిలబెట్టేసరికి జనం మనసు తిరిగింది. 1890లో అప్పటి ఆర్చిబిషప్ బెన్సన్ తీర్పు చెబుతూ కొన్ని వద్దన్నాడు, చాలావాటిని ఒప్పుకున్నాడు. కింగ్ ఆ తీర్పుకు లోబడ్డాడు. ఆ చట్టాన్ని పుస్తకాల్లోంచి తీసివేసింది మాత్రం 1960లలోనే.

ఇక్కడితో ఆపితే వీళ్ళందరూ హతసాక్షులు, మనవాళ్ళందరూ దుర్మార్గులు అని అర్థమవుతుంది. కథ అంత సూటిగా లేదు, అది మన దక్షిణ దేశం దాకా వచ్చింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనల్ వాళ్ళు ఒకటి కావాలని 1919లో తరంగంబాడిలో మాట మొదలైంది. దాని వెనక ముందుండి నడిపినవాడు దోర్నకల్ బిషప్ అజరయ్య గారు, మన భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్పు. ఈ ఐక్యతకు గట్టిగా అడ్డు తగిలింది ఎవరు? ఇంగ్లండులోని ఆంగ్లో కాథలిక్కులే. బిషప్పు చేతులుంచి అభిషేకించని పాస్టర్లను గురువులుగా ఎలా ఒప్పుకుంటాం అని వాళ్ళ పట్టు. పెద్ద కవి టి.ఎస్. ఎలియట్ వాళ్ళలో ఒకడు. ఆయన 1943లో ఈ దక్షిణ భారత పథకానికి వ్యతిరేకంగా ఒక చిన్న పుస్తకమే రాశాడు. అజరయ్య గారు 1945 జనవరి 1న నిద్రించారు, ఐక్యత చూడలేదు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జ్ కథీడ్రల్‌లో సిఎస్‌ఐ ఏర్పడింది. అప్పుడు కూడా నంద్యాల ప్రాంతంలో ఎస్‌పీజీ మిషను సంఘాల వాళ్ళు చాలామంది దానిలో చేరకుండా, ఏళ్ళ తరబడి పాత ఆంగ్లికన్ సంఘంగానే ఉండి తర్వాత కలిశారు. మనస్సాక్షి కోసం జైలుకు వెళ్ళినవాళ్ళ మనుమల తరం, మన పల్లెల్లో చెమటోడ్చిన పాస్టర్ల చేతి బల్లను బల్ల కాదన్నారు. అది కూడా రాసి ఉంచాలి.

ఇక బల్ల సంగతి, తల్లిదండ్రులు ఎక్కువగా అడిగేది ఇదే. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ నియమం ప్రకారం, త్రియేక దేవుని నమ్మే ఏ సంఘంలోనైనా బాప్తిస్మం పొంది, అక్కడ మంచి స్థితిలో ఉండి ప్రభువు భోజనంలో పాలు పొందుతున్నవారు అక్కడ కూడా తీసుకోవచ్చు. మనలాంటి సంఘాల పిల్లలకూ తలుపు తెరిచే ఉంది. ముందు కటకటా దగ్గర మోకరించి, ఎడమ చేతి మీద కుడి చెయ్యి పెట్టి చాపితే రొట్టె ఇస్తారు. మనలా చిన్న చిన్న గ్లాసులు ఉండవు, ఒకే గిన్నె, అంచు తుడుస్తూ అందరికీ అందిస్తారు. అది నిజమైన ద్రాక్షసారాయే, మన కిస్‌మిస్ రసం కాదు. మనసు ఒప్పకపోతే చేతులు గుండె మీద అడ్డంగా పెట్టుకుని మోకరిస్తే, తల మీద చెయ్యి ఉంచి దీవిస్తారు. వెనక కూర్చున్నా ఎవరూ ఏమీ అనుకోరు. తీసుకోమని నేను చెప్పను, వద్దని కూడా చెప్పను. తనను తాను పరీక్షించుకొని అని పౌలు రాసింది మనిషికి, సంఘపు బోర్డుకు కాదు.

రెండో కారణం చెబుతానన్నాను. కొన్నేళ్ళ క్రితం ఒక ఆదివారం ప్రసంగంలో ధూపం వేసేవాళ్ళను వెక్కిరించాను. చేత్తో ఊపి చూపించాను కూడా. అందరూ నవ్వారు. ముందు వరసలో ఆర్‌సీఎం కుటుంబం నుంచి మన సంఘానికి కోడలుగా వచ్చిన ఒక సహోదరి కూర్చుని ఉంది. ఆమె నవ్వలేదు. ఆ తర్వాత మళ్ళీ ముందు వరసలో కూర్చోలేదు. నేను గమనించాను, గమనించనట్టు ఉన్నాను. నా చెయ్యి ఏ కుక్కనూ గుడిలోకి తోలలేదు, ఏ దిండూ విసరలేదు. కానీ ఆ అల్లరి మూకలో వెనక వరసలో నాకూ ఒక చోటు ఉందని ఈ చరిత్ర చదివాకే తెలిసింది. పోయిన శనివారం వాళ్ళ ఇంటికి వెళ్ళి ఆ మాట ఆమెతో చెప్పాను. "ఇన్నాళ్ళు గుర్తుందా అయ్యగారూ" అంది, అని కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళిపోయింది.

మన అబ్బాయి మళ్ళీ అదే చర్చికి వెళ్ళాడు. ఈసారి పొగ తన వైపు వచ్చినప్పుడు అందరితో లేచి తల వంచాడట. కటకటా దగ్గరికి చేతులు అడ్డంగా పెట్టుకుని వెళ్ళాడు. ఆరాధన అయ్యాక కాఫీ దగ్గర ఒక ముసలమ్మ మీది ఏ ఊరు నాయనా అన్నట్టు అడిగి, మన ఊరి పేరు మూడుసార్లు పలికించుకుందట. ఇంతకీ మరియమ్మ దగ్గర కొవ్వొత్తి వెలిగించినవాడు ప్రార్థన ఎవరికి చేస్తున్నట్టు అని మళ్ళీ ఒక ప్రశ్న పంపాడు. బుధవారం గృహకూడిక అయ్యాక ఫోను చేయమన్నాను. అప్పటికి అక్కడ సాయంత్రం నాలుగు అవుతుంది, క్లాసులు ఉండవట.